బాదుషా కేసులో లింకు డాక్యుమెంటు

మా నాన్న ముప్పై ఏళ్ల పైనే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా వేపచెట్టు కింద బల్ల వేసుకుని దస్తావేజులు రాశాడు. ఇప్పుడు చూపు సరిగ్గా ఆనక రాయడం మానేశాడు. కానీ ఏ కాగితం చేతికిచ్చినా మొదట అడిగే మాట మాత్రం మారలేదు. "లింకు డాక్యుమెంటు ఏదిరా?" అంటాడు. అమ్మేవాడికి ఆ భూమి ఎలా వచ్చింది, వాడికిచ్చినవాడికి ఎవరిచ్చారు, అలా వెనక్కి పోతూ ఉంటే ఎక్కడా తెగకూడదు. తెగిందా, స్టాంపులు ఎన్ని అంటించినా అది ఉత్త కాగితమే.

పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ఓ రాత్రి భోజనాలయ్యాక ఆఖరి మొఘల్ బాదుషా బహదూర్ షా జఫర్ మీద 1858లో నడిపిన విచారణ రికార్డు చదువుతూ కూర్చున్నాను. "ఏట్రా అంత దీక్షగా చదువుతున్నావు?" అని నాన్న అడిగితే మూడో అభియోగాన్ని తెలుగులో చెప్పాను. బ్రిటిష్ ప్రభుత్వానికి ప్రజ అయ్యుండి, ఆ విధేయత మరిచి, 1857 మే 11న గానీ ఆ దరిదాపుల్లో గానీ ఢిల్లీలో తననుతాను హిందుస్తాన్‌కి రాజుగా ప్రకటించుకున్నాడు, కాబట్టి రాజద్రోహి. ఇదీ దాని సారం.

నాన్న కాసేపు వక్క నములుతూ ఊరుకున్నాడు. తర్వాత అన్నాడు, "వాళ్లకి ఆయన ప్రజ ఎప్పుడయ్యాడ్రా? కాగితం ఉందా?"

జఫర్ గురించి పదిహేనేళ్లుగా దొరికిందల్లా చదువుతున్నాను. ఇంత సూటి ప్రశ్న నాకెప్పుడూ తట్టలేదు. ఎందుకు తట్టలేదా అని ఆలోచిస్తే, మనందరిలాగే నేనూ ఆయన్ని చూసి జాలిపడటంలోనే ఆగిపోయానని అర్థమైంది. ముసలి కవి, కళ్లముందే కొడుకుల్ని పోగొట్టుకున్న తండ్రి, పరాయి దేశంలో దిక్కులేని చావు. జాలి తప్పు కాదు. కాకపోతే జాలిపడ్డాక మనం ఇంకేమీ అడగం. హక్కు ఎవరిది, తిరగబడింది ఎవరు అన్న మాట పక్కకి పోతుంది. గెలిచినవాళ్లకి అంతకంటే కావలసిందేముంది?

కాగితం దగ్గర్నుంచే మొదలుపెడదాం. 1765 ఆగస్టు 12. జఫర్ తాత షా ఆలం అప్పటికి ఢిల్లీ చేతిలో లేక అలహాబాదులో ఉన్నాడు. బక్సర్ యుద్ధంలో ఈస్టిండియా కంపెనీ గెలిచాక, కంపెనీ తరఫున క్లైవ్ ఆయన దగ్గరికి వెళ్లి బెంగాల్, బీహార్, ఒరిస్సా దివానీ రాయించుకున్నాడు. భోజనాల బల్ల మీద కుర్చీ వేసి, దాని మీద గుడ్డ కప్పి, దాన్నే సింహాసనం చేశారని చెబుతారు. దివానీ అంటే రాజ్యం కాదు, శిస్తు వసూలు చేసే పని. అందుకు ప్రతిగా కంపెనీ బాదుషాకి ఏటా 26 లక్షల రూపాయలు కట్టాలి. మన పాఠ్యపుస్తకాల్లో ఇంతవరకూ ఉంటుంది.

అదే రోజు, అదే బాదుషా దగ్గర క్లైవ్ ఇంకో ఫర్మానా కూడా తీసుకున్నాడు. అది ఉత్తర సర్కారులకి. అంటే శ్రీకాకుళం, రాజమండ్రి, ఏలూరు, కొండపల్లి, గుంటూరు. మా ఊరూ అందులోదే. ఈ విషయం చెప్పగానే నాన్న కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "అంటే మన పొలాలకీ లింకు ఆయన దగ్గర్నుంచేనా?" ఒక రకంగా అంతే. తమకి చెప్పకుండా ఇలా రాసిచ్చారని నిజాం మండిపడ్డాడు, మరుసటి ఏడు కంపెనీ ఆయనతోనూ విడిగా ఒప్పందం చేసుకుని డబ్బు కట్టడానికి ఒప్పుకుంది. కానీ ఆ నిజాం మాత్రం ఎవరు? లెక్కప్రకారం మొఘల్ బాదుషాకి దక్కన్ సుబేదారు. అటు తిరిగి ఇటు తిరిగి గొలుసు ఎర్రకోటకే చేరుతుంది.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, బలమైనదే. కాగితాల మాట ఎలా ఉన్నా, 1857 నాటికి బాదుషా చేతిలో ఏముంది? ఎర్రకోట గోడల అవతల ఆయన మాట చెల్లేది కాదు. 1803లో జనరల్ లేక్ ఢిల్లీ పట్టుకున్న నాటి నుంచి కంపెనీ నెలనెలా ఇచ్చే పింఛనుతోనే ఆ సంసారం గడిచేది. అనుభవం ఎవరిదైతే భూమి వాడిదే కదా?

ఇలాంటి గొడవ మా ఇంట్లోనే ఒకటి జరిగింది. మా తాత కౌలుకిచ్చిన ఎకరంన్నర పొలాన్ని కౌలుదారు ఇరవై ఏళ్లు దున్నాడు. ఓ ఏడు గింజలు కొలవడం మానేసి, పన్నెండేళ్లు దాటిపోయింది, అనుభవ హక్కు కింద పొలం నాదేనన్నాడు. కోర్టులో అది నిలబడలేదు. ఎందుకంటే అతను ఏటేటా బస్తాలు కొలిచి చీటీ రాయించుకునేవాడు. ఆ చీటీలే అతన్ని ఓడించాయి. "ఇది నీది" అని ఒప్పుకుంటూ అనుభవించినవాడికి, ఎన్నేళ్లు అనుభవించినా అది సొంతం కాదు.

కంపెనీ రాసుకున్న చీటీలు ఎన్నో చూడండి. 1835 దాకా బెంగాల్లో కంపెనీ కొట్టిన రూపాయి మీద ఉన్న పేరు షా ఆలంది. ఆయన 1806లోనే చనిపోయాడు, అయినా పేరు మార్చలేదు. కంపెనీ అధికారులు బాదుషాకి నజరానా సమర్పించుకోవడం 1843 దాకా నడిచింది. ఆ ఏడు గవర్నర్ జనరల్ ఎలెన్‌బరో దాన్ని ఆపించాడు. రామమోహన్ రాయ్ పేరుకి ముందు మనం భక్తిగా పెట్టే 'రాజా' ఉంది చూశారూ, అది జఫర్ తండ్రి అక్బర్ షా ఇచ్చిందే. తనకి రావలసిన డబ్బు గురించి లండన్‌లో వాదించడానికి ఆయన్ని వకీలుగా పంపుతూ ఇచ్చాడు. పింఛను అన్నారే, ఆ సొమ్ము కూడా యమునకి పడమటి వైపు భూముల్ని బాదుషా ఖర్చుకని లెక్కగట్టి ఇస్తామన్నది. పొలం గలవాడికి పొలం మీద వచ్చిన గింజల్లోంచి నాలుగు కుంచాలు పోసి, దానికి దానం అని పేరు పెట్టినట్టు.

అసలు 1856లో కంపెనీ పెద్దలు ఏం నిర్ణయించారు? జఫర్ తర్వాత ఇంకెవరికీ బాదుషా బిరుదు ఉండదని. అంటే జఫర్ బతికున్నంత కాలం ఉన్నట్టేగా! ఆ బాదుషాయే మరుసటి ఏడు "నేను బాదుషాని" అంటే అది నేరం ఎలా అయింది?

ఈ మాట మొదట అన్నవాణ్ని నేను కాదు. 1922లో బక్లర్ అనే ఇంగ్లిష్ చరిత్రకారుడే 1857లో తిరగబడింది బాదుషా కాదు, ఆయన కింద దివానుగా ఉన్న కంపెనీయేనని రాశాడు. ఆయన కంటే ముందు, 1858లోనే, లండన్ 'టైమ్స్' విలేకరి రస్సెల్ బందీగా ఉన్న జఫర్‌ని ఓ చీకటి వసారాలో చూశాడు. బోసినోరు, వేలాడే కింది పెదవి, ఎటో చూసే చూపు. ఆ ముసలాయన ఇత్తడి పళ్లెంలో వాంతి చేసుకుంటున్నాడు. ఇదంతా చూసి కూడా రస్సెల్, ఈయన్ని కృతఘ్నుడనడంలో అర్థం లేదని రాశాడు. తాతతండ్రుల రాజ్యం ఒక్కొక్క ముక్కే పోయి, ఉత్త బిరుదు మిగిలినవాడు ఎవరికి కృతజ్ఞత చూపాలి?

విచారణ 1858 జనవరి 27న మొదలై మార్చి 9 దాకా సాగింది. ఎక్కడ? దివాన్-ఇ-ఖాస్‌లో, ఆయన దర్బారు చేసిన మందిరంలోనే. విచారించింది ఐదుగురు సైనికాధికారులు. ప్రాసిక్యూటర్ మేజర్ హారియట్. ఎనభై రెండేళ్ల ముద్దాయి చాలాసార్లు కునికిపాట్లు పడేవాడు, తలకి చుట్టుకున్న గుడ్డని పిల్లాడిలా విప్పుతూ చుడుతూ కూర్చునేవాడు.

అభియోగపత్రంలో నాన్నకి నచ్చిన ముక్క ఒకటుంది, నచ్చిందంటే నవ్వొచ్చిందని. 1857 మే 10 నుంచి అక్టోబర్ 1 మధ్య సిపాయిల్ని ప్రోత్సహించాడని మొదటి అభియోగం. సెప్టెంబర్ మూడో వారంలోనే హుమాయూన్ సమాధి దగ్గర ఇంగ్లిష్ సైనికాధికారి హాడ్సన్ ఆయన్ని పట్టుకుని నిర్బంధంలో పెట్టాడు. చివరి వారం పైన ఆయన ఎవర్ని ప్రోత్సహించినట్టు, కాపలా సోల్జర్లనా? "మేం ఇలాంటి తేదీ రాస్తే రిజిస్ట్రారు దస్తావేజు మొహాన కొట్టేవాడు" అన్నాడు నాన్న. ఇంకో తమాషా, మొదటి అభియోగంలో 'పింఛనుదారు' అన్నవాణ్ని మూడోదానికి వచ్చేసరికి 'ప్రజ' చేశారు. మధ్యలో ఎలా మారాడో ఎక్కడా లేదు. హారియట్ చివరి వాదనైతే మరీ దూరం వెళ్లింది. ఇదంతా పర్షియా నుంచి మక్కా దాకా అల్లుకున్న ముస్లిం కుట్రట. మీరట్ నుంచి వచ్చిన సిపాయిల్లో ఎక్కువమంది హిందువులు. ఆ ఆగస్టు బక్రీద్‌కి ఢిల్లీలో ఆవుల్ని కోయకూడదని కట్టడి చేసింది ఇదే జఫర్.

ఇంతదూరం వకాలతు పుచ్చుకున్నాక రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే నాన్న ఒప్పుకోడు. జఫర్ వీరుడేం కాదు. కోటలో దాచుకున్న 49 మంది బందీలని, ఎక్కువగా ఆడవాళ్లూ పిల్లలూ, మే 16న కోట ఆవరణలోనే చంపారు. వద్దన్నాడనే అంటారు, కానీ ఆపలేకపోయాడు. నాలుగో అభియోగం అదే, నాకు అందులో మాత్రం ఆయన తరఫున చెప్పడానికి పెద్దగా ఏమీ దొరకదు. ఓ పక్క సిపాయిలు ఆయన పేరు మీద చస్తుంటే, ఇంకో పక్క ఆయన మనుషులు ఢిల్లీ బయట గుట్ట మీద ఉన్న ఇంగ్లిషువాళ్లతో రాయబారాలు నడిపారు. చివరికి లొంగిపోయింది కూడా ప్రాణం తియ్యబోమన్న మాట తీసుకున్నాకే. ఆ మాట వల్లే ఉరి తప్పి ప్రవాసం పడింది. లొంగిన మర్నాడే హాడ్సన్ ఆయన కొడుకులు ఇద్దర్నీ, ఓ మనవణ్నీ బట్టలిప్పించి దగ్గర్నుంచి కాల్చేశాడు. వాళ్లకి ఆ మాట వర్తించలేదు.

కోర్టుకిచ్చిన వాంగ్మూలంలో ఆయన చెప్పుకున్నది ఇంకా దిగులుగా ఉంటుంది. సిపాయిలు చెప్పులతోనే లోపలికొచ్చేవారట, సలాము కూడా చేసేవారు కాదట. ఏవో కాగితాలు రాసి తెచ్చి మొహరు వేయించుకునేవారు. కొన్నిసార్లు ఖాళీ లిఫాఫాల మీద, పైన ఎవరి పేరూ లేకుండానే, ఆయన మొహరు వేయించుకుని పట్టుకుపోయేవారు. లోపల ఏం పెట్టేవారో ఎవరికి పంపేవారో తెలియదన్నాడు. అందులో ఎంత నిజం, ఎంత ప్రాణభయం? నా మటుకు సగం సగం అనిపిస్తుంది. కానీ ఒక్కటి గమనించండి. "నేను బాదుషాని, మీరు నా దివాన్లు, నన్ను విచారించడానికి మీరెవరు?" అనే మాట ఆయన అనలేదు. తన దగ్గరున్న గట్టి దస్తావేజు ఆయనే బయటపెట్టలేదు. నాకు కోపం వచ్చేది అక్కడే.

నాన్న మాత్రం కోపగించుకోలేదు. "ముసలాడు, ప్రాణం మీదకొచ్చినోడు, ఎదురుగా తుపాకులు. నువ్వైతే అందువా?" అన్నాడు. అననేమో.

ఒకటి మాత్రం నిజం. చేతిలో సైన్యం లేని ఆ ముసలాయన దగ్గర సిపాయిలు కోరింది కత్తి కాదు, మొహరు. ఖాళీ కవరు మీదైనా సరే. ఇంగ్లిషువాళ్లకీ ఆ సంగతి బాగా తెలుసు. తెలుసని ఎలా చెప్పగలను అంటే, రంగూన్‌లో ఏం చేశారో చూడండి.

1858 అక్టోబర్ 7 తెల్లవారుజామున నాలుగింటికి, జనం లేవకముందే, జఫర్‌నీ బేగం జీనత్ మహల్‌నీ చిన్న కొడుకులు జవాన్ బఖ్త్, షా అబ్బాస్‌లనీ ఢిల్లీ దాటించారు. బాదుషా ఎక్కింది ఎద్దుబండి. ముందూ వెనకా లాన్సర్లు. బయల్దేరినవాళ్లు ముప్పైమందికి పైనే, అలహాబాదులో సగం మంది వెనక్కి తిరిగిపోయారు. అక్కడ్నుంచి గంగ మీద, తర్వాత డైమండ్ హార్బర్‌లో ఓడెక్కి డిసెంబర్ రెండో వారానికల్లా రంగూన్.

ష్వేడగోన్ పగోడాకి దగ్గర్లో కంటోన్మెంటు కాపలా లోపల ఓ చెక్క ఇల్లు ఇచ్చారు. నాలుగు గదులు, ఒక్కోటి పదహారడుగుల చదరం. చుట్టూ పదడుగుల కర్రల దడి. వీళ్ల బాధ్యత చూసిన కెప్టెన్ డేవిస్ లెక్కల మనిషి. అందరి తిండికీ కలిపి రోజుకి సుమారు పదకొండు రూపాయలు, ఆదివారం ఇంకో రూపాయి, నెల మొదట్లో సబ్బూ గట్రాకి రెండు రూపాయలు. ఇద్దరు కుర్రాళ్లూ ఇంగ్లిషు నేర్చుకుంటామని, చదువుకి ఇంగ్లండ్ పంపమని అడిగితే డేవిస్ సిఫారసు చేశాడు కూడా. పైవాళ్లు ఒప్పుకోలేదు.

ఆ ఇంట్లోకి రానివ్వనివి మూడు. కలం, సిరా, కాగితం.

ఎనభై మూడేళ్లవాడు, పళ్లు లేవు, మాట స్పష్టంగా లేదు, చుట్టూ సముద్రమూ సోల్జర్లూ. కాగితం ఇస్తే ఏం చేస్తాడు? ఉత్తరం రాస్తాడు. కింద సంతకం పెడతాడు. ఆ సంతకం విలువ ఎంతో 1765లో చేయి చాపి తీసుకున్నవాళ్లకి తెలియదా! పిచ్చివాడు, చేతకానివాడు అని ప్రపంచానికి చెప్పారు గానీ లోపల ఆయన సంతకానికి భయపడ్డారు. ఆ నిషేధాన్ని నేను వాళ్లు ఇచ్చిన ఆఖరి రసీదుగా లెక్కేస్తాను.

రంగూన్‌లో రాశాడని మనం కళ్లనీళ్లు పెట్టుకునే గజల్ సంగతీ ఇక్కడే చెప్పాలి. ప్రియమైనవారి వీధిలో సమాధికి రెండు గజాల నేల కూడా దొరకలేదని బాధపడే గజల్. బొగ్గుతో గోడ మీద రాశాడని కథ కూడా ఉంది. ఆయన దివాన్లలో, అంటే కవితా సంపుటాల్లో, ఆ గజల్ లేదు, ఆయనది కాదని వాదించే పండితులున్నారు. నాకు వాళ్ల వాదనే సబబుగా అనిపిస్తుంది. అలా అనిపించడం ఇష్టం లేదు కూడా, ఎందుకంటే కాలేజీ రోజుల నుంచి అది నాకు కంఠతా వచ్చు. కానీ కాగితం లాక్కున్నవాడి చేతిలో మనమే ఓ బొగ్గుముక్క పెట్టి, మనకి కావలసిన ఏడుపు రాయించుకున్నామేమో.

ఈలోపు హైదరాబాదులో ఇంకో కాగితం పని జరిగింది. నిజాముల నాణేల మీద అప్పటిదాకా మొఘల్ బాదుషా పేరే ఉండేది. 1857 జూలై 17న కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీద తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ దాడి చేశారు. ఎవడైనా ఎగిరిపడితే "నువ్వేమైనా తురుంఖాన్‌వా" అంటామే, ఆ తురుంఖాన్ ఈయనే అంటారు. దాడి నిలవలేదు, నిజాం సర్కారు కంపెనీ వైపే నిలబడింది. తిరుగుబాటు అణిగాక హైదరాబాదు రూపాయి మీద బాదుషా పేరు పోయి అసఫ్ జా పేరు వచ్చింది. బజార్లో ఆ రూపాయి చేతులు మారుతున్నప్పుడు, పేరు గలాయన రంగూన్‌లో ఇంకా బతికే ఉన్నాడు.

1862 అక్టోబర్ చివరికి ఆయనకి గొంతు పడిపోయింది. పులుసు చెంచాతో పోస్తే అదీ దిగలేదు. డేవిస్ ముందుచూపు గలవాడు కదా, మనిషి ఇంకా ఊపిరి తీస్తుండగానే ఇటుకలూ సున్నమూ తెప్పించి ఉంచాడు. నవంబర్ 7 శుక్రవారం తెల్లవారి ఐదింటికి ప్రాణం పోయింది. అదే సాయంత్రం నాలుగింటికి కాపలా ఇంటి వెనకాల ఖననం. కొడుకులిద్దరూ, ఓ నౌకరూ వెంట ఉన్నారు. ఆడవాళ్లని రానివ్వలేదు. ఇటుకలతో కట్టిన గొయ్యి, పైన నేలకి సమంగా పచ్చిక పరిచారు, చుట్టూ దూరంగా వెదురు దడి. ఆ దడి శిథిలమయ్యేలోగా గడ్డి బాగా కమ్ముకుంటుందని, ఆఖరి మొఘల్ ఎక్కడున్నాడో గుర్తుపట్టే ఆనవాలు మిగలదని డేవిస్ తృప్తిగా రాసుకున్నాడు.

మా వైపు రంగూన్‌ని 'రంగం' అనేవారు. కాకినాడ నుంచి, భీమిలి నుంచి, కళింగపట్నం నుంచి ఓడలెక్కి బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలి పనికి వేలల్లో పోయారు. అక్కడ వాళ్లని కొరంగీలని పిలిచేవారు, కోరంగి రేవు పేరు మీద. నాన్న వాళ్ల పెదతాత కూడా పోయాడు, తిరిగి రాలేదు. ఎక్కడ పోయాడో, ఎక్కడ పూడ్చారో ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకేనేమో ఆ రాత్రి నాన్న బాదుషా సమాధి గురించి గుచ్చిగుచ్చి అడిగాడు.

చెప్పాను. గడ్డి నిజంగానే కమ్ముకుంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రంగూన్ ముస్లింలు గట్టిగా అడిగితే, 1907లో ఓ రాయి పాతించారు. మాజీ ఢిల్లీ రాజు బహదూర్ షా 1862 నవంబర్ 7న రంగూన్‌లో చనిపోయాడని, ఈ చోటుకి దగ్గర్లో పూడ్చబడ్డాడని దాని మీద చెక్కారు. హిందుస్తాన్ పోయి ఢిల్లీ అయింది, బాదుషా పోయి మాజీ రాజు అయ్యాడు. సుభాష్ చంద్రబోస్ 1943లో ఆజాద్ హింద్ ఫౌజుతో వచ్చి సెల్యూట్ చేసింది ఆ 'దగ్గర్లో'కే.

"దగ్గర్లో అంటే? తూర్పు ఏటి, పడమర ఏటి?" అన్నాడు నాన్న. "చెక్కుబందీ లేకుండా ఎలా రాశారురా?"

1991 ఫిబ్రవరిలో అక్కడ హాలు కట్టడానికని కాలువ తవ్వుతుంటే, మూడున్నర అడుగుల లోతున కూలీల గడ్డపారలకి ఇటుకలు తగిలాయి.